కొత్త పిస్టన్ వేశారు, పాత సీలు వదిలేశారు: నా చైన్‌సా, దాని వారంటీ మరమ్మతులు

రంపానికి ఐదుకు మూడున్నర ఇస్తాను. దాన్ని అమ్మిన దుకాణం వారి సర్వీస్ సెంటరుకు ఒకటి. కంపెనీ ప్రధాన వర్క్‌షాపులో చివరికి దాన్ని బాగుచేసిన మెకానిక్‌కు ఐదుకు ఐదు. మూడూ కలిపి సగటు కడితే చదివేవారికి ఏమీ బోధపడదు కాబట్టి విడివిడిగా రాస్తున్నాను.

నాది పండ్లతోట. గాలివానకు కూలిన చెట్లు, ఎండిన కొమ్మలు, కాపు ఉడిగిన ముసలి చెట్లు, ఇవే నా రంపానికి పని. 50 సీసీ తరగతి పెట్రోల్ చైన్‌సా, చైను తిరిగే పట్టీ, అంటే బారు, 18 అంగుళాలు. కూలి మనుషుల చేతికి ఇవ్వను. పెట్రోలు కలిపేదీ, చైను పదును పెట్టేదీ, కోసేదీ నేనే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత జరిగిన వాదనంతా దీని చుట్టూనే తిరిగింది.

రంపంలోని మంచి ముందు చెప్పాలి. కోత చాలా బాగుంటుంది. చైను పదునుగా ఉంటే మనం ఒత్తనక్కర్లేదు, తన బరువుతోనే కర్రలోకి దిగుతుంది. పొడి రాలదు, పెచ్చులు రాలతాయి. పొడి రాలుతోందంటే చైను మొద్దుబారిందని అర్థం. అప్పుడు ఒత్తి కోస్తే ఇంజిన్ అనవసరంగా వేడెక్కుతుంది. పిడికీ ఇంజిన్‌కూ మధ్య స్ప్రింగులు ఉండటం వల్ల చేతులకు అదురు తక్కువ. చైను బిగించే మర పక్కనే ఉంది, చేతికి సులువుగా అందుతుంది. బారుకు ఆయిల్ ఎప్పుడూ సరిగానే అందింది. ఇంజిన్ నిలబడి ఉంటే ఈ రంపం గురించి నాకు ఒక్క ఫిర్యాదూ ఉండేది కాదు.

ఇంజిన్ చెడబోతోందన్న గుర్తు మొదట ఐడ్లింగ్‌లో, అంటే పని లేకుండా నిదానంగా నడిచేటప్పుడు, కనిపించింది. త్రాటిల్ (వేగం పెంచే మీట) వదిలిన వెంటనే నిదానించాల్సిన ఇంజిన్ కొన్ని క్షణాలపాటు అరుస్తూనే ఉండేది. ఒకోసారి ఐడ్లింగ్‌లో కూడా చైను తిరిగేది. ఐడ్లింగ్‌లో చైను కదలకూడదు, అది మనిషికి ప్రమాదం. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ మీద ఐడ్లింగ్ మర కాస్త తిప్పి, "కొత్త మిషను కదా మేడమ్, సర్దుకుంటుంది" అన్నారు. అప్పుడే ఎవరైనా ఆగి ఆలోచించి ఉంటే ఆ తర్వాతి ఖర్చూ కాలయాపనా ఉండేవి కావు. త్రాటిల్ వదిలినా వేగం వెంటనే దిగకపోవడం, ఐడ్లింగ్ ఒకచోట నిలవకపోవడం ఇంజిన్‌లోకి ఎక్కడి నుంచో గాలి చొరబడుతోందనడానికి బాగా తెలిసిన లక్షణాలు. మర తిప్పితే ఆ లక్షణం మరుగున పడుతుంది, గాలి మాత్రం చొరబడుతూనే ఉంటుంది.

కొన్నాళ్లకు ఒక మొద్దు కోస్తుండగా ఉన్నట్టుండి శక్తి తగ్గింది. శబ్దం సన్నబడింది. ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. చల్లారాక తాడు వచ్చింది కానీ లాగుతున్నప్పుడు చేతికి తెలియాల్సిన బిగువు లేదు. పిస్టన్ సిలిండరులో ఇరుక్కుని పట్టేసింది. సర్వీస్ సెంటరు వారు విప్పి చూసి అదే చెప్పారు. వారంటీ కింద పిస్టనూ సిలిండరూ కొత్తవి వేశారు. జాబ్ కార్డు మీద "ఇంజిన్ రిపేరు" అని రెండు మాటలు రాసి ఇచ్చారు. ఎందుకు పట్టేసిందని అడిగితే "ఆయిల్ తక్కువ కలిపి ఉంటారు, ఈసారికి వారంటీలో చేశాం" అన్నారు.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. చైన్‌సా ఇంజిన్ టూ స్ట్రోక్. కారు ఇంజిన్‌లో ఉన్నట్టు అడుగున ఆయిల్ నిల్వ ఉండదు. పెట్రోలులో కలిపిన టూటీ (టూ స్ట్రోక్) ఆయిలే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులకూ పిస్టన్‌కూ అందే జిడ్డు. నా రంపానికి 50కి 1 పాళ్లు చెప్పారు. అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. కొలగిన్నెతో కొలిచి, డబ్బా మీద తేదీ రాసి పెట్టుకుంటాను. నెల దాటిన పెట్రోలు రంపంలో పోయను. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్‌లోని డయాఫ్రము అనే పలుచని పొరను, పెట్రోలు పైపులను పాడుచేస్తుంది. ఆయిల్ కూడా గాలితో చల్లబడే ఇంజిన్లకు తగిన జాసో ఎఫ్‌డీ అనే నాణ్యత గుర్తు ఉన్నదే వాడతాను. పడవ ఇంజిన్ల కోసం చేసే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ కూడా టూ స్ట్రోక్‌దే, కానీ అది నీటితో చల్లబడే ఇంజిన్లకు. చైన్‌సాకు అది పనికిరాదు. ఇంత జాగ్రత్తగా ఉన్న నాకు "ఆయిల్ తక్కువ" అన్న మాట మింగుడు పడలేదు.

అసలు విషయం ఏమిటంటే, డబ్బాలో ఆయిల్ పాళ్లు సరిగా ఉన్నా సిలిండరుకు జిడ్డు చాలకపోవచ్చు. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు కింది క్రాంక్ గదిలో వాక్యూమ్ ఏర్పడుతుంది. ఆ వాక్యూమే కార్బురేటర్ ద్వారా గాలినీ పెట్రోలునూ లోపలికి లాగుతుంది. క్రాంక్ రెండు చివర్లా గాలి చొరబడకుండా ఆపే ఆయిల్ సీళ్లు ఉంటాయి. కార్బురేటర్‌కూ సిలిండరుకూ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి కారినా బయటి గాలి పెట్రోలు లేకుండా నేరుగా లోపలికి వస్తుంది. మిశ్రమం పలచబడుతుంది. పలచబడిన మిశ్రమం ఎక్కువ వేడి పుట్టిస్తుంది, పైగా పెట్రోలు తగ్గిన మేరకు అందులోని ఆయిలూ తగ్గుతుంది. నిమిషానికి 13,000 చుట్లంటే సెకనుకు రెండు వందలకు పైగా. ఆ వేగంలో అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండరు గోడను గీరి పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. కొత్త పిస్టన్ వేసినంత మాత్రాన ఆ గాలి దారి మూసుకోదు. కొత్త పిస్టన్ కూడా అదే వేడిలో పనిచేస్తుంది.

నా రంపానికి జరిగింది సరిగ్గా ఇదే.

రెండోసారి పట్టేయకముందు ఇంకో చిన్న గొడవ నడిచింది. కొద్ది నిమిషాలు పనిచేశాక ఇంజిన్ దానంతట అదే ఆగిపోయేది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. సర్వీస్ సెంటరు వారు కార్బురేటర్ మార్చాలన్నారు. మార్చారు, అది వారంటీలోకి రాదని డబ్బూ తీసుకున్నారు. లోపం పోలేదు. రంపం ఆగగానే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేశాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది, తాడు లాగగానే స్టార్టయింది. ట్యాంకులోకి గాలి వెళ్లే చిన్న వెంట్ పూడుకుపోయింది. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి, కార్బురేటర్‌కు పెట్రోలు అందడం మానేసింది. చాలా చవకైన ఒక్క చిన్న భాగంతో తీరే లోపానికి కార్బురేటర్ మార్చడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ డబ్బు అడిగినా వెనక్కి రాలేదు.

రెండోసారి ఇంజిన్ పట్టేసినప్పుడు మా తమ్ముడిని తోడు తీసుకుని వెళ్లాను. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ మేనేజరు వాడి వైపు తిరిగి జవాబు చెప్పారు. "సార్, ఇది వాడకంలో లోపం. పెట్రోలులో ఆయిల్ లేదు. వారంటీ వర్తించదు" అన్నారు. "రంపం వాడేది మా అక్క, ఆవిడతో మాట్లాడండి" అని తమ్ముడు చెప్పాక గానీ నా వైపు చూడలేదు. ఇలా చేసే సర్వీస్ సెంటరుకు నేను ఇచ్చిన ఆ ఒక్క నక్షత్రమూ ఎక్కువే.

రంపంలో పోసిన డబ్బాలోనే మిగిలిన పెట్రోలు వెంట తీసుకెళ్లాను. వారి దగ్గరున్న పెట్రోలుకు వారి చేతే 50కి 1 పాళ్లలో ఆయిల్ కలిపించాను. తెల్ల కాగితం మీద రెండింటి చుక్కలూ వేయించాను. పెట్రోలు ఆరిపోయాక రెండు చోట్లా ఒకే తీరు జిడ్డు మరక మిగిలింది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదని నాకు తెలుసు. కానీ ఆయిల్ అసలే లేదన్న మాట నిలవదని చూపడానికి అది చాలు. తర్వాత సైలెన్సర్ విప్పమన్నాను. దాన్ని తీస్తే ఎగ్జాస్ట్ రంధ్రం గుండా పిస్టన్ కనిపిస్తుంది. పిస్టన్ మీద గీతలు ఎక్కడున్నాయో చూడటం ఎవరైనా చేయదగిన పని. మురికి, దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి వెళ్తే సాధారణంగా ఇన్‌టేక్ వైపు అరుగుతుంది. పలచబడిన మిశ్రమం వల్ల వేడెక్కితే గీతలు ఎగ్జాస్ట్ వైపు మొదలవుతాయి. ఆయిల్ బొత్తిగా లేకపోతే చుట్టూ గీరుకుపోతుంది. నా పిస్టన్ మీద గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయి. ఇన్‌టేక్ వైపు నునుపుగా, జిడ్డుగా ఉంది. ఆయిల్ లేకుండా నడిచిన పిస్టన్ మీద ఆ జిడ్డు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజిన్‌లోకి గాలి చొరబడుతోందో లేదో తేల్చే లీకు పరీక్ష, అంటే ప్రెజర్, వాక్యూమ్ పరీక్ష చేయండని అడిగాను. "ఆ సామాను మా దగ్గర లేదు మేడమ్" అన్నారు. టూ స్ట్రోక్ ఇంజిన్ మరమ్మతు చేసి, వారంటీ ఇస్తామో ఇవ్వమో తేల్చి చెప్పే చోట ఆ పరికరం లేదు! చేతిపంపు, ఒక మీటరు, రంధ్రాలు మూయడానికి రబ్బరు బిళ్లలు, మొత్తం సామాను అంతే. అది లేకుండా లోపం వాడేవారిదని తేల్చడం న్యాయం కాదు. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే.

నిరాకరణను రాతలో ఇమ్మన్నాను. మేనేజరు మొదట తప్పించుకోజూశారు, తర్వాత ఇచ్చారు. దాన్నీ, పిస్టన్ ఫోటోలనూ, రెండు జాబ్ కార్డులనూ, కొన్న బిల్లునూ జతచేసి కంపెనీకి ఉత్తరం రాశాను. కోపంగా ఒక్క మాటా రాయలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేశాను: మొదటి మరమ్మతులో ఆయిల్ సీళ్లు మార్చారా, లీకు పరీక్ష చేశారా? చేసి ఉంటే ఆ అంకెలు చూపండి. దానికి వారి దగ్గర జవాబు లేదు. రంపాన్ని ప్రధాన వర్క్‌షాపుకు పంపమన్నారు.

అక్కడి మెకానిక్ గురించి ఎంత రాసినా తక్కువే. పెద్దాయన. విప్పకముందే నన్ను పిలిచి, "ఆగిపోయే ముందు ఐడ్లింగ్ ఎలా ఉండేదమ్మా?" అని అడిగారు. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. చెప్పాను. తల ఊపి, ముందు కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ పుట్టించే ఒత్తిడి, చూశారు. 90 పీఎస్‌ఐ కూడా లేదు. తర్వాత కార్బురేటరూ సైలెన్సరూ తీసి ఆ రెండు రంధ్రాలనూ రబ్బరు బిళ్లలతో బిగించారు. క్రాంక్ గదికి చేతిపంపు తగిలించి సుమారు 0.5 బార్ ఒత్తిడి వరకు గాలి ఎక్కించారు. ముల్లు కదలలేదు. నా గుండె జారింది, లీకు లేదని తేలిపోతుందేమోనని. ఆయన మాత్రం తొందరపడలేదు. "ఇది సగం పరీక్షేనమ్మా" అని పంపును తిప్పి ఈసారి వాక్యూమ్ పెట్టారు. క్రాంకును చేత్తో మెల్లగా తిప్పుతుంటే ముల్లు జారడం మొదలైంది.

ఆయిల్ సీలు పెదవి లోపలి ఒత్తిడికి ఇంకా బిగుసుకుంటుంది, బయటి నుంచి లోపలికి లాగినప్పుడు వదిలేస్తుంది. అందుకే ప్రెజర్ పరీక్ష ఒక్కటే చేసి లీకు లేదనే వారిని నమ్మకూడదని ఆయన చెప్పారు. క్రాంక్ చివర ఉండే ఫ్లైవీల్ అనే చక్రం తీసి, దాని వెనక సీలు చుట్టూ కాస్త ఆయిల్ రాశారు. ఆ ఆయిల్ నా కళ్ల ముందే లోపలికి పీల్చుకుపోయింది. దానితో సందేహం తీరిపోయింది. బయటికి లాగి చూపిస్తే సీలు పెదవి గట్టిపడి, ఒకచోట నెర్రె ఇచ్చి ఉంది. అది రంపంతో వచ్చిన మొదటి సీలే. ఇంజిన్ విప్పి పిస్టన్, సిలిండరు మార్చిన చోట ఆ సీలును అలాగే ఉంచేశారు. ఆ సీలు ధర పిస్టన్ ధరలో చాలా చిన్న వంతు.

ఆయన పిస్టన్, సిలిండరు, రెండు సీళ్లు, ఇన్‌టేక్ రబ్బరు గొట్టం, పెట్రోలు ఫిల్టరు మార్చారు. మళ్లీ ప్రెజర్ పెట్టారు, మళ్లీ వాక్యూమ్ పెట్టారు. ముల్లు నిలబడింది. కార్బురేటర్‌ను చెవితో మాత్రమే సరిచేయలేదు, టాకోమీటరు పెట్టి వేగం చూసుకుంటూ సరిచేశారు. బరువు లేకుండా పూర్తి త్రాటిల్‌లో ఇంజిన్ కాస్త తడబడుతున్నట్టు బుడబుడలాడాలని, కర్రలో దిగగానే ఆ శబ్దం శుభ్రపడాలని నాకు వినిపించి చూపించారు. బరువు లేనప్పుడు సన్నగా కీచుమంటే మిశ్రమం పలచబడిందని అర్థమట. ఇప్పుడు ప్రతిసారీ కోత మొదలుపెట్టే ముందు ఆ శబ్దం కోసం వింటాను. జాబ్ కార్డు మీద కంప్రెషన్ 150 పీఎస్‌ఐ అని, రెండు పరీక్షల అంకెలు, మార్చిన ప్రతి భాగం పేరు రాసి, పాత సీలునూ పిస్టన్‌నూ నాకే ఇచ్చారు. మొత్తం పని వారంటీ కింద జరిగింది. ఆ తర్వాత గాలివానల కాలం మొత్తం రంపం ఆగకుండా పనిచేసింది.

ఇక వారంటీ పత్రం సంగతి. కొనే ముందు చదవాల్సినవి అందులో కొన్ని ఉన్నాయి. ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, చైను, బారు, స్టార్టర్ తాడు అరిగే వస్తువులని మినహాయించారు. దానికి నేను అభ్యంతరం చెప్పను, అవి నిజంగానే అరుగుతాయి. సొంత వాడకానికి ఒక గడువు, కూలికి లేదా వృత్తిగా కోసేవారికి అంతకంటే బాగా తక్కువ గడువు పెట్టారు. బిల్లు మీద ఏది రాశారో చూసుకోవాలి. తోట ఉన్నవారిని ఏ వరుసలో వేస్తారన్నది దుకాణందారు ఇష్టానికి వదిలేయకుండా ముందే రాయించుకోవాలి. నేను రాయించుకున్నాను కాబట్టి ఆ మాట మీద ఎవరూ నాతో వాదించలేకపోయారు. రంపం మరమ్మతులో ఉన్న కాలానికి మారు రంపం ఇవ్వరు. కూలిన చెట్టు దారికి అడ్డంగా పడి ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఈ రంపం కొనమంటానా? దగ్గరలో లీకు పరీక్ష చేయగల సర్వీస్ సెంటరు ఉంటే కొనండి. కొనే రోజే ఆ పరికరం చూపమని అడగండి. లేదంటే ఇంతకంటే కాస్త బరువుగా ఉన్నా, దగ్గరలో మంచి మెకానిక్ ఉన్న రంపమే తీసుకోండి. ఇప్పటికే ఉన్నవారు ఇంజిన్ పట్టేసిందని తీసుకెళ్తే, విప్పకముందే "రెండు పరీక్షలూ చేసి అంకెలు కార్డు మీద రాయండి, పాత భాగాలు తిరిగి ఇవ్వండి" అని చెప్పండి. పిస్టన్ మార్చితే సీళ్లూ మార్చమని అడగండి, వాటికి సొంతంగా డబ్బు పెట్టాల్సి వచ్చినా సరే. త్రాటిల్ వదిలాక వేగం దిగకపోతే ఆ పూట కోత ఆపేయండి.

కంపెనీతో నాకు ఇంకా ఒక లెక్క తేలలేదు. వారి సర్వీస్ సెంటరులో పడి ఉన్న కాలాన్ని కూడా వారంటీ గడువులోనే లెక్కవేశారు. మార్చిన భాగాలకు విడిగా హామీ రాసిచ్చారు కానీ, అసలు గడువు పొడిగించలేదు. లోపం తమ మరమ్మతులోనే ఉందని వారి మెకానిక్కే తేల్చాక ఆ కాలాన్ని నా ఖాతాలో వేయడం సరికాదని మళ్లీ రాశాను. కార్బురేటర్ డబ్బు గురించీ అందులోనే అడిగాను. జవాబు రాగానే ఈ సమీక్ష కింద చేరుస్తాను.